డ్రమ్ము గోడ మీది నల్ల గీత: ఒక వార్డులో డెంగీ నియంత్రణ, కేస్ స్టడీ

ఈ కేసు కోస్తా ఆంధ్రలోని ఒక నగరంలో, కొండవాలు మీద పెరిగిన ఒక వార్డుది. వార్డు పేరు, సంవత్సరం, కేసుల సంఖ్య, సిబ్బంది వివరాలు వదిలేశాం. చిన్న వార్డు, అంకెలు చెప్తే అక్కడివాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. మందు మోతాదులు, రోజుల లెక్కలు, పని జరిగిన క్రమం మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాం. చేయాల్సిన పనులన్నీ చేశారు, కాగితం మీద దోమల సూచీలు కూడా తగ్గాయి, అయినా జ్వరాలు తగ్గలేదు. అందుకే ఈ రికార్డు.

నేపథ్యం

ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. చాలావరకు రెండు గదుల ఇళ్ళు, సగానికి పైగా అద్దెవి. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున గంటా గంటన్నర వస్తాయి. పై వరసల్లో ప్రెషర్ అందదు, కింది కుళాయి నుంచి పైపు వేసుకుని పట్టుకుంటారు. అందుకని ప్రతి ఇంటి ముందూ 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు రెండో మూడో ఉంటాయి. పాత ఇళ్ళలో సిమెంటు తొట్లు కూడా ఉన్నాయి. వాలు కాబట్టి వాననీరు నిలవదు. కాలువలు మాత్రం కింది వీధుల్లో పూడిపోయి ఉంటాయి.

ఆ కాలువల్లో పుట్టేది క్యూలెక్స్. రాత్రి కుడుతుంది, నిద్ర చెడగొడుతుంది, బోదకాలును మోస్తుంది. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై మంచినీళ్ళలో పుడుతుంది, పగలు కుడుతుంది, చప్పుడు చేయదు. కాలు దగ్గర కుట్టి పోతే చాలామందికి తెలియను కూడా తెలియదు. జనం ఫిర్యాదు చేసేది మొదటి దోమ గురించి, ఆసుపత్రికి పంపేది రెండోది. ఈ వార్డులో మొదట్లో పడిన తప్పటడుగులు చాలావరకు ఈ తేడా దగ్గర మొదలైనవే.

వచ్చిన సమస్య

వానాకాలం మధ్యలో జ్వరాలు గుంపుగా కనబడ్డాయి. ప్రైవేటు క్లినిక్కుల్లో కార్డు టెస్టులో (అక్కడికక్కడే ఫలితం చెప్పే కిట్టు) ఎన్ఎస్1, అంటే డెంగీ వైరస్ ప్రోటీను, పాజిటివ్ అని వచ్చినవాళ్ళ పేర్లు వార్డు కార్యాలయానికి చేరాయి. కార్డు టెస్టును అనుమానిత కేసుగానే తీసుకోవాలి, నిర్ధారణకు ఎలీసా అనే ల్యాబు పరీక్ష కావాలి. జ్వరం మొదలైన 5 రోజుల లోపు అయితే ఎన్ఎస్1 ఎలీసా, ఆ తర్వాత ఐజీఎం (వైరస్‌కి ఎదురుగా ఒంట్లో పుట్టే యాంటీబాడీ) ఎలీసా. నమూనాలు పంపితే డెంగీయేనని తేలింది.

మొదటి జాబితాలో పేరు, వయసు, అడ్రసు, టెస్టు తేదీ ఉన్నాయి. జ్వరం మొదలైన తేదీ లేదు. ఇది చిన్న లోపంలా కనబడుతుంది గానీ అది లేకపోతే వ్యాప్తి పెరుగుతోందో తగ్గుతోందో చెప్పలేం. ఒకరు రెండో రోజున టెస్టు చేయించుకుంటారు, ఇంకొకరు ప్లేట్‌లెట్లు పడిపోయాక ఏడో రోజున. టెస్టు తేదీలతో గీసిన గ్రాఫు ల్యాబు ఎప్పుడు పని చేసిందో చూపిస్తుంది, దోమ ఎప్పుడు కుట్టిందో చూపించదు. అందుకే ముందుగా ఏఎన్ఎంలు (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు) ప్రతి ఇంటికీ వెళ్ళి జ్వరం మొదలైన తేదీ, అంతకు ముందు రెండు వారాలు పగటిపూట ఎక్కడ గడిపారు అన్న రెండు ప్రశ్నలు అడిగి జాబితా తిరగరాశారు. రెండో ప్రశ్న అప్పట్లో అలవాటు కొద్దీ అడిగిందే. చివర్లో అదే పనికొచ్చింది.

ఏం చేశారు, ఏది ఎందుకు విఫలమైంది

మొదట దిగింది పొగ బండి. రాత్రి ఏడు దాటాక వీధుల్లో తిరిగింది. పొగ వాసనకి జనం తలుపులు మూసుకున్నారు. ఏడిస్ ఆ వేళకి ఇంట్లో మంచం కింద, తగిలించిన బట్టల వెనక, తెర చాటున వాలి ఉంటుంది. పొగ వీధిలో, దోమ గదిలో. చచ్చింది ఎగురుతున్న క్యూలెక్స్. పొగ కొట్టాలంటే ఏడిస్ చురుగ్గా ఉండే వేళలు రెండే: తెల్లవారాక ఒక రెండు గంటలు, పొద్దు గూకే ముందు ఒక రెండు గంటలు. మిట్టమధ్యాహ్నం కొడితే వేడి గాలితో పాటు పొగ పైకి లేచిపోతుంది. సరైన వేళకి కొట్టినా తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచకపోతే ఇంధనం ఖర్చే మిగులుతుంది. పైగా పొగ ఆ క్షణాన ఎగిరే దోమనే చంపుతుంది. డ్రమ్ములో ప్యూపా (గుడ్డు నుంచి వచ్చిన లార్వా దోమ అయ్యే ముందటి దశ) రేపు దోమవుతుంది, ఎల్లుండికి కుడుతుంది.

దీనితో పాటు కాలువల్లో ఆయిల్ బాల్స్ వేశారు. రంపపు పొట్టును గుడ్డలో మూటకట్టి, వాడేసిన ఇంజిన్ ఆయిల్లో నానబెట్టిన ఉండలవి. నీటి మీద నూనె పొర పరుచుకుని లార్వాలకి ఊపిరాడదు. క్యూలెక్స్ తగ్గింది, రాత్రి దోమల ఫిర్యాదులు తగ్గాయి. ఫిర్యాదులు తగ్గాయి కాబట్టి దోమలు తగ్గాయని రిపోర్టు వెళ్ళింది. జ్వరాలు పెరుగుతూనే ఉన్నాయి.

తర్వాత ఇంటింటి లార్వా సర్వే. వందల ఇళ్ళు తిరిగి కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, పూలకుండీల ప్లేట్లు, పగిలిన బకెట్లు తీయించారు. బ్రిటో ఇండెక్స్, అంటే నూరిళ్ళకి లార్వాలున్న పాత్రలు ఎన్ని అనే లెక్క, బాగా పడిపోయింది. ఈ సూచీలో ఉన్న చిక్కు ఇక్కడే బయటపడింది. ఉదాహరణకి నూరిళ్ళలో 40 కొబ్బరి చిప్పలు, 10 డ్రమ్ములు లార్వాలతో ఉన్నాయనుకోండి. సూచీ 50. చిప్పలన్నీ తీసేస్తే 10. కానీ చిప్పలో నాలుగు లార్వాలుంటాయి, అవీ నీరు ఎండిపోయో, వానకి పొర్లిపోయో చాలాసార్లు దోమ దాకా రావు. డ్రమ్ములో వందలుంటాయి, నీళ్ళకి కొదవ లేదు. లెక్కలో రెండూ ఒక్కొక్కటిగానే పడతాయి. సూచీ అయిదో వంతుకి దిగినా ఎగిరే దోమల సంఖ్య దాదాపు అక్కడే ఉంటుంది.

డ్రమ్ముల్లో టెమిఫాస్ అనే లార్వాల మందు వేశారు కూడా. తాగే, వాడుకునే నీళ్ళలో మోతాదు 1 పీపీఎం, అంటే లీటరుకి 1 మిల్లీగ్రాము మందు. 1 శాతం గుళికలైతే 10 లీటర్లకి 1 గ్రాము, 200 లీటర్ల డ్రమ్ముకి 20 గ్రాములు. ఇక్కడ ఉన్నది 50 శాతం ద్రావణం. దానితో అయితే డ్రమ్ముకి సుమారు 0.4 మిల్లీలీటరు చాలు. అది సిరంజితో తప్ప కొలవలేని మోతాదు. పనివాళ్ళు సీసా మూతతో వంచారు. నీళ్ళు కంపు కొట్టాయి, ఇంటివాళ్ళు పారబోసి కడిగేసుకున్నారు, మరోసారి వస్తే గేటు తీయలేదు. సరిగ్గా వేసిన ఇళ్ళలోనూ వేరే చిక్కు. రోజు విడిచి రోజు సగం డ్రమ్ము వాడి మళ్ళీ నింపుతారు. ప్రతి నింపుకీ మందు సగమవుతుంది. మూడు నింపులకి, అంటే ఆరు రోజులకి, ఎనిమిదో వంతు. గోడలకి కొంత పట్టుకుని నెమ్మదిగా వదులుతుంది నిజమే, కానీ కదలని నీళ్ళలో వారాల తరబడి పనిచేసే మందు ఇక్కడ అన్నాళ్ళు నిలవదు.

చివరిది శుక్రవారం డ్రై డే. వారానికోసారి నీళ్ళు పారబోసి పాత్రలు ఆరబెట్టమని ప్రచారం. గుడ్డు నుంచి దోమ కావడానికి మన వేడిలో 7 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి గొలుసు తెంపాలన్న తర్కం సరైనదే. కానీ ఆ ఇంటి ముందు నిలబడి చెప్పి చూస్తే తెలుస్తుంది. ఆశా కార్యకర్త “అమ్మా, డ్రమ్ము ఖాళీ చేసి ఆరబెట్టండి” అంటే, ఆ పెద్దావిడ చెప్పిన జవాబు: “పారబొయ్యమంటే ఎలాగమ్మా? పొద్దున్నే కదా పట్టాం. మళ్ళీ కుళాయి వచ్చేది ఎల్లుండి. అందాకా నువ్విస్తావా నీళ్ళు?” ఆవిడ మాటలో తప్పేమీ లేదు. ఆ వారం శుక్రవారం కుళాయి వచ్చే రోజు. నిండా పట్టుకున్న పూటే పారబోయమని అడుగుతున్నాం.

లెక్క మార్చడం

ఇక్కడ ఆగి లెక్కపెట్టే వస్తువును మార్చాలని నిర్ణయించాం. లార్వా ఉన్న పాత్రల బదులు ప్యూపాలు లెక్కపెట్టాలి. లార్వాల్లో చాలా భాగం మధ్యలోనే చనిపోతాయి. ప్యూపా దశ రెండు రోజులే, దానిలో ఎక్కువ భాగం దోమలవుతాయి. కాబట్టి రేపు ఎగరబోయే దోమలకి అతి దగ్గరి లెక్క అదే. కష్టం ఎక్కువ, అందుకే ఎవరూ రోజూ చేయరు. వార్డంతా అక్కర్లేదు, కేసులు దగ్గరగా ఉన్న వీధుల్లో చేస్తే చాలు.

పద్ధతి ఇది. డ్రమ్ము మీద నీడ పడకుండా నిలబడాలి. నీడ పడితే లార్వాలూ ప్యూపాలూ అడుక్కి దిగిపోతాయి. మూత తీసి టార్చి పక్కనుంచి వేసి చూడాలి. నీటి పైనుంచి మొదలుపెట్టి అడుగు దాకా అంచు వెంబడి గుండ్రంగా చిన్న వలతో తోడాలి. డ్రమ్ముకి ఒక్క గరిటె ముంచి చూసి లేవనడం ఈ పనిలో అన్నిటికంటే మామూలుగా జరిగే పొరపాటు. వలలో పడినవి తెల్ల పళ్ళెంలో వేసి, కామా గుర్తులా వంగి ఉండే ప్యూపాలని డ్రాపరుతో ఏరి లెక్కపెట్టాలి. లార్వా నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకుంటే మలేరియాను మోసే అనాఫిలిస్, తల కిందికి వేలాడితే ఏడిస్ లేదా క్యూలెక్స్. గాలి పీల్చే గొట్టం పొట్టిగా లావుగా ఉంటే ఏడిస్, సన్నగా పొడవుగా ఉంటే క్యూలెక్స్. అనుమానం ఉంటే కొన్ని ప్యూపాలని దోమతెర గుడ్డ కట్టిన సీసాలో ఉంచి రెండు రోజులు ఆగడమే. బయటికొచ్చిన దోమ వీపు మీద వీణలాంటి తెల్లగీతలుంటే ఏడిస్ ఈజిప్టై, మధ్యలో ఒకే తెల్లగీత ఉంటే ఏడిస్‌లోనే ఇంకో జాతి, ఆల్బోపిక్టస్.

తేలింది: ప్యూపాల్లో అత్యధిక భాగం డ్రమ్ములూ సిమెంటు తొట్లలోనే. అందులోనూ అన్నిటిలో కాదు. అడుగంటా ఎప్పుడూ ఖాళీ కాని డ్రమ్ములు, అంటే వంటకీ తాగడానికీ వాడే ముందు డ్రమ్ము వెనక నిల్వగా ఉంచుకునే రెండో డ్రమ్ము. మొత్తం పని అటు తిప్పాం.

డ్రమ్ము దగ్గర ఏం జరుగుతోంది

ఏడిస్ గుడ్లు నీళ్ళలో పెట్టదు. నీటి గీతకి కాస్త పైన, తడిగా ఉన్న గోడకి ఒక్కొక్కటిగా అంటిస్తుంది. దగ్గర్నుంచి చూస్తే నువ్వుగింజ కంటే చాలా సన్నని నల్ల చుక్కలు, నీటి గీత వెంట ఒక పట్టీలా. నీలం డ్రమ్ము మీద మురికిలాగే కనబడతాయి. రెండు రోజుల్లో లోపల పిండం తయారవుతుంది. ఆ తర్వాత నీరు వచ్చి తాకితే గంటల్లో పొదగడం మొదలవుతుంది. తాకకపోతే ఎండిపోయి కూడా నెలల తరబడి బతికే ఉంటాయి.

ఇప్పుడు రోజు విడిచి రోజు వచ్చే కుళాయిని దీని పక్కన పెట్టి చూడండి. ఇవాళ డ్రమ్ము నిండింది. రేపటికి సగమైంది, గోడ తడి. ఆడదోమ వచ్చి పెట్టింది. ఎల్లుండి కుళాయి వచ్చింది, నీటిమట్టం లేచి గుడ్లని ముంచింది. ఇంకో పట్టీ ఇంకో నింపుకి. పారబోసి ఆరబెట్టినా గుడ్లు గోడనే ఉంటాయి, మళ్ళీ నింపగానే లేస్తాయి. కాబట్టి వార్డు విననిది మన ప్రచారాన్ని కాదు, అందులోని తప్పుని. నీళ్ళు పారబోయడం కాదు కావలసింది, గోడ తోమడం.

పనిచేసింది

మొదటిది, పెద్దదోమల సంగతి. వ్యాధి మోస్తున్న దోమలు అప్పటికే ఇళ్ళలో ఉన్నాయి కాబట్టి గోడ తోమడం ఒక్కటే సరిపోదు. కొత్త కేసు తెలిసిన రోజునే ఆ ఇంట్లో, చుట్టూ 50 ఇళ్ళలో ఇంటి లోపల పైరెత్రమ్ అనే దోమల మందు కొట్టారు. 2 శాతం పైరెత్రమ్ ఒక పాలు, కిరోసిన్ 19 పాళ్ళు కలిపితే 0.1 శాతం ద్రావణం వస్తుంది. ఒక లీటరు దాదాపు 100 ఘనమీటర్ల ఇళ్ళు 20కి సరిపోతుంది. కిరోసిన్ కాబట్టి పొయ్యి, దీపం ఆర్పించాలి, తిండి, నీళ్ళు మూయించాలి, మంచం కిందా బట్టల వెనకా కొట్టి తలుపులు పావుగంట మూసి ఉంచాలి. ఏడిస్ సాధారణంగా ఒకటి రెండు వందల మీటర్లకి మించి ఎగరదు. అందుకే వీధులన్నీ తిరగడం కంటే ఆ 50 ఇళ్ళు లోపలికంటా చేయడం మేలు.

రెండోది, రోజు మార్చడం. శుక్రవారం అన్న మాట తీసేసి, వీధి వారీగా కుళాయి వచ్చే వేళలు నీటి సరఫరా సిబ్బంది దగ్గర తీసుకున్నాం. కుళాయి వచ్చే ముందు రోజు సాయంత్రానికి డ్రమ్ముల్లో నీళ్ళు బాగా తగ్గి ఉంటాయి. అదే తోమే సమయం. వారానికి ఒక్కసారి, నీళ్ళు రాబోయే ముందు సాయంత్రం. అప్పుడు పారబోయాల్సింది తక్కువే. ఎవరూ కాదనలేదు.

తోమే విధానం: బ్లీచింగ్ పౌడరు, మామూలు సబ్బుపొడి కొద్ది నీళ్ళతో ముద్దలా కలపాలి. పాత నీటి గీత నుంచి అంచు దాకా గోడంతా పూయాలి. పదినిమిషాలు వదిలేయాలి. కొబ్బరి పీచుతోనో బ్రష్షుతోనో గట్టిగా రుద్ది, కడిగిన నీళ్ళు బయట మట్టి నేల మీద పోయాలి, పక్క పాత్రలోకి కాదు. టాయిలెట్ క్లీనరు లాంటి యాసిడ్ బ్లీచింగుతో కలపకూడదు, విషవాయువు వస్తుంది. ఈ మాట ప్రతి ఇంట్లో విడిగా చెప్పించాం.

నోటిమాటగా చెప్తే నమ్మనివాళ్ళకి ఒక చిన్న పని చేసి చూపించాం. తెల్ల పాతగుడ్డ ముక్క తడిపి నీటి గీత పైన గట్టిగా తుడిచి, ఆ ముక్కని స్టీలు గ్లాసులో కుళాయి నీళ్ళలో వేసి పైన దోమతెర గుడ్డ బిగించి వాళ్ళ గుమ్మం దగ్గరే పెట్టాం. మర్నాడు పొద్దున్న టార్చి వేస్తే నీళ్ళలో వెంట్రుక ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతుంటాయి. మొదటి వీధిలో ఇలా మూడు నాలుగు ఇళ్ళలో చూపించాక మిగతా వీధికి చెప్పే పని ఆ ఇళ్ళవాళ్ళే చేశారు. గ్లాసులో నీళ్ళు మరిగించే పారబోయాలి.

మూడోది, మూత. డ్రమ్ముతో వచ్చిన మూత పైపు పెట్టడానికి ఒకసారి తీస్తే మళ్ళీ బిగించరు. చీర ముక్క కప్పితే మధ్యలో నీళ్ళలోకి జారి, ఆ తడిగుడ్డే గుడ్లు పెట్టే చోటవుతుంది. కుదిరింది ఇది: దోమతెర గుడ్డ అంచుకి నాలుగు వేళ్ళు కిందికి దిగేలా కత్తిరించి, పాత సైకిలు ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీతో బిగుతుగా కట్టడం. పైపు ఆ తెర మీదే పెడితే నీళ్ళు దిగుతాయి. తోడుకోవడానికి తెర విప్పకుండా డ్రమ్ముకి అడుగు నుంచి ఒక జానెడు ఎత్తులో ప్లాస్టిక్ కుళాయి బిగించారు. కుళాయి లేని ఇళ్ళలో తెర రెండు వారాలు కూడా నిలవలేదు. కుళాయి ఉన్న ఇళ్ళలో నిలిచింది. ఈ రెంటినీ విడదీసి ఇవ్వకూడదన్నది ఇక్కడ నేర్చుకున్నదే. సిమెంటు తొట్లకి తెర కుదరదు. వాటిలో గప్పీ చేపలు వేశాం. ఈ చేపలని చెరువుల్లోకీ గెడ్డల్లోకీ వదలొద్దని చెప్పాం, అక్కడి చిన్న చేపలకి చేటు.

ఎప్పుడు తీర్పు చెప్పాలి

రెండో వారానికే పైనుంచి ప్రశ్న వచ్చింది: ఇంకా కేసులు వస్తున్నాయి కదా, పొగ బండి మళ్ళీ పెట్టమంటారా? ఈ ప్రశ్నకి జవాబు రోజుల లెక్కలో ఉంది. దోమలో వైరస్ తయారవడానికి 8 నుంచి 12 రోజులు. మనిషిలో జ్వరం రావడానికి 4 నుంచి 10 రోజులు. డాక్టరు దగ్గరికి వెళ్ళి జాబితాలోకి ఎక్కడానికి ఇంకో రెండు మూడు రోజులు. ఇవాళ కొత్త దోమ పుట్టడం పూర్తిగా ఆగినా, బతికి ఉన్నవి కుడుతూనే ఉంటాయి కాబట్టి మూడు నాలుగు వారాలు కేసులు వస్తాయి. అందాకా చూడాల్సింది కేసులు కాదు, ప్యూపాలు. అవి మొదటి రెండు తోముళ్ళకే పడిపోయాయి. ఆ కాగితం చూపించి పద్ధతి మార్చకుండా ఆపగలిగాం. జ్వరం మొదలైన తేదీలతో గీసిన గ్రాఫు నాలుగో వారం నుంచి వంగింది.

మిగిలిపోయిన కేసులు

వంగింది గానీ నేలకి దిగలేదు. ఇళ్ళలో ప్యూపాలు దాదాపు లేవు, అయినా కొత్త జ్వరాలు. జాబితా మళ్ళీ చూస్తే మొదట్లో పిల్లలూ ఇంట్లో ఉండే ఆడవాళ్ళూ ఎక్కువ ఉన్నారు, ఇప్పుడు ఎక్కువమంది పనికి వెళ్ళే మగవాళ్ళు. పగలు ఎక్కడ గడిపారన్న గడి చూస్తే చాలామంది ఒకే కట్టడం పనిలో ఉన్నారు, వార్డు హద్దు బయట. ఏడిస్ పగలు కుడుతుంది కాబట్టి వాళ్ళ జ్వరం అడ్రసు ఇల్లు కాదు.

అక్కడ లిఫ్టు గుంటలో నిలిచిన నీళ్ళు, క్యూరింగుకి, అంటే సిమెంటు గట్టిపడేలా తడపడానికి, నీళ్ళు పట్టే డ్రమ్ములు. గుంటని వారానికోసారి మోటారుతో తోడించడం, తోడలేని చోట 50 శాతం టెమిఫాస్ 2.5 మిల్లీలీటర్లు 10 లీటర్ల నీళ్ళలో కలిపి వారం వారం కొట్టడం. తాగని నీళ్ళకి మోతాదు ఇది, డ్రమ్ముల మోతాదుతో కలిపేయకూడదు. క్యూరింగు డ్రమ్ములకి ఇళ్ళలో చేసిన తోముడే. పక్క వార్డు పరిధి కాబట్టి అనుమతులకి పట్టిన రోజులే ఇక్కడ ఆలస్యం.

ఇంకా తెగనివి

అద్దె ఇళ్ళు మారినప్పుడు కుళాయి బిగించిన డ్రమ్ము పాత కుటుంబంతో వెళ్ళిపోతుంది. కొత్తవాళ్ళు కొత్త డ్రమ్ముతో వస్తారు, ఆశా కార్యకర్త మళ్ళీ గ్లాసుతో మొదలుపెట్టాలి. పగలు తాళం వేసి ఉండే ఇళ్ళకి ఆదివారం వెళ్ళే ఏర్పాటు ఆ సీజను వరకే నడిచింది. ఇంకొకటి, అన్నిటికంటే సులువుగా మరిచిపోయేది: వేసవిలో వాడకుండా మేడ మీద బోర్లించి ఉంచిన డ్రమ్ములు. వాటి గోడల మీద కిందటేడాది గుడ్లు ఎండి కూర్చుని ఉంటాయి. తొలకరికి ముందు, మే నెలలో, ఖాళీ డ్రమ్ములని కూడా ఆ ముద్దతో తోమించాలని ఆ వార్డు పనుల క్యాలెండరులో రాయించాం.